85 రోజుల మక్క 100 దాటినా ఎందుకు కోతకు రాలేదు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో వానలు లేటయితే ఏం వేసుకోవాలి అని రాస్తూ మధ్యలో ఒక్క లైను, స్వల్పకాలిక మొక్కజొన్న హైబ్రిడ్లు చూస్కోండి అని పడేశాను. అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వరస కట్టాయి. ఇద్దరు ముగ్గురు గట్టిగానే తిట్టారు, ఒక్క లైనులో చెప్పే విషయమా ఇది అని. నిజమే, కాదు. అందుకే ఈ నెల మొత్తం దీనికే. మక్క అన్నా మొక్కజొన్న అన్నా ఒకటే, అడిగినవాళ్లు ఎలా రాశారో అలాగే ఉంచాను, నేను మాత్రం రెండూ కలిపేస్తుంటాను, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్ నమస్తే. ఈసారి వానలు లేటయినయ్, పుష్యమి కార్తెల మక్క పెట్టిన. షాపాయన 85 రోజుల పంట అన్నడు, సంచి మీద గూడ గట్లనే ఉన్నది. 100 రోజులు దాటినా కంకి పచ్చిగనే ఉండె, యాసంగి దుక్కి లేటయింది. పోయిన యాసంగిల మా బామ్మర్ది గిదే విత్తనం పెడితే 120 రోజులు పట్టిందంట. మోసమా సార్ ఇది? – వరంగల్ జిల్లా రైతు

జవాబు: అన్నా, మీ కోపం నాకు అర్థమైంది గానీ ఇందులో సగం మోసం కాదు, లెక్క తేడా. మొక్కకి క్యాలెండర్ తెలీదు. దానికి తెలిసింది వేడి. రోజూ ఎంత వేడి ఒంటికి పట్టిందో అంత కూడబెట్టుకుంటూ పోతుంది, దాని కోటా నిండిన రోజున పూస్తుంది, ఇంకో కోటా నిండితే గింజ ముదురుతుంది. మొక్కజొన్నకి 10 డిగ్రీల లోపు చలి ఉంటే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, 30 దాటిన వేడి వల్ల అదనంగా ఒరిగేదేం లేదు. అందుకని లెక్క కట్టేవాళ్లు పగటి ఎక్కువ ఉష్ణోగ్రత (30 దాటితే 30 అనే తీసుకుంటారు), రాత్రి తక్కువ ఉష్ణోగ్రత (10 కన్నా దిగితే 10 అని), రెండూ కలిపి సగం చేసి అందులోంచి 10 తీసేస్తారు. వచ్చింది ఆ రోజు జమ.

ఇప్పుడు మీ విత్తనానికే వేసి చూద్దాం. దానికి మొత్తం 1400 యూనిట్లు కావాలనుకోండి. వానాకాలంలో పగలు 32 అయినా 30 అనే లెక్క, రాత్రి 23. రెండూ కలిపితే 53, సగం ఇరవయ్యారున్నర, పది తీసేస్తే పదహారున్నర. 1400ని దాంతో భాగిస్తే దాదాపు 85 రోజులు. అదే యాసంగిలో పగలు 29, రాత్రి 14 అనుకుంటే రోజుకి జమ పదకొండున్నరే, అంటే 122 రోజులు. మీ బామ్మర్ది చెప్పింది అబద్ధం కాదు, సంచి మీద రాసింది కూడా అబద్ధం కాదు, కాకపోతే ఆ 85 ఏ సీజన్‌కో రాయకపోవడం మాత్రం తప్పే. అది అడగండి షాపులో, ఈసారి.

రెండోది, ఆ 85 అనేది గింజ ముదిరే రోజు, కోసి మార్కెట్‌కి తోలే రోజు కాదు. ముదిరిందో లేదో చూడాలంటే పైన ఆకులు చూడకండి, ఇప్పటి హైబ్రిడ్లలో చాలా వాటికి కంకి ముదిరాక కూడా ఆకు పచ్చగానే ఉంటుంది, పశువులకి మేతగా పనికొస్తుందని ఆ గుణాన్ని కావాలనే పెట్టుకున్నారు. కంకి పైపొరలు విప్పి నడిమి గింజ ఒకటి ఊడబెరికి, బెండుకి అతుక్కునే మొనని గోటితో గీకండి. కింద నల్లటి చుక్క లాంటి పొర కనిపిస్తే ఇక ఆ గింజలోకి పాలు దిగడం ఆగిపోయినట్టే, అదే ముదిరినట్టు. అప్పటికి గింజలో తేమ ఇంకా 30, 35 శాతం ఉంటుంది. కొనేవాడేమో 14 అంటాడు. ఆ మధ్య దూరం ఎండే నడవాలి, అక్టోబర్ ముసురులో అది ఎన్ని రోజులైనా పట్టొచ్చు. మీకు 85 మీద పడిన రోజుల్లో ఎక్కువ భాగం ఇవే అయ్యుంటాయని నా అనుమానం.

సీజన్ పొట్టిగా ఉండే చోట పని చేసే బ్రీడర్లు (కొత్త రకాలు తయారుచేసేవాళ్లు) అందుకే పూత ఒక్కటే చూసి ఊరుకోరు, ముదిరాక ఎంత త్వరగా ఆరుతుందో కూడా చూస్తారు. పైపొరలు పలచగా ఉండి ముదరగానే విచ్చుకోవడం, బెండు సన్నగా ఉండడం, కంకి కిందికి వాలి వాన నీళ్లు లోపలికి దిగకుండా ఉండడం, ఇలాంటివి. వచ్చే ఏడు విత్తనం కొనేముందు పక్క చేలో అదే రకం కంకి ఎలా ఉందో ఓసారి చేత్తో పట్టుకు చూడండి, సంచి మీద బొమ్మ కన్నా అది నయం.

ప్రశ్న: అన్నయ్యగారూ, మేం కెనడాలో విన్నిపెగ్‌లో ఉంటాం. అమ్మ వచ్చినప్పుడు ఊరి నుంచి మొక్కజొన్న గింజలు తెచ్చింది. మే నెలాఖరులో పెరట్లో వేశాం. మొక్కలు మా గరాజ్ అంత ఎత్తు పెరిగాయి, పక్కింటి వాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఒక్క కంకి కూడా రాలేదు, సెప్టెంబర్‌లో ఫ్రాస్ట్ కొట్టి మొత్తం నల్లగా అయిపోయాయి. ఇక్కడి సీడ్ వేసిన పక్కింటాయన ఆగస్టులోనే కంకులు తిన్నాడు. మా నేలలో లోపమా?

జవాబు: అమ్మా, నేల బంగారం, లేకపోతే గరాజ్ ఎత్తు ఎలా వస్తాయి! లోపం పొద్దులో ఉంది.

మొక్కజొన్న పుట్టింది మెక్సికోలో బాల్సాస్ నది లోయలో, సుమారు 9000 ఏళ్ల కింద, అక్కడి టియోసింటే అనే గడ్డి నుంచి. ఆ లోయ భూమధ్యరేఖకి ఎంత దూరమో మన హైదరాబాద్ కూడా దాదాపు అంతే దూరం, 17, 18 డిగ్రీలు. ఎండాకాలంలో బాగా పొడుగు రోజు అన్నా హైదరాబాద్‌లో పగలు 13 గంటల పైన ఇంకో పది నిమిషాలు. మీ విన్నిపెగ్‌లో జూన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది. మన వైపు రకాలకి పగలు అంత పొడుగుంటే "ఇంకా టైముంది, తొందరేం లేదు" అని లోపలి నుంచి సిగ్నల్ వస్తుంది, ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతాయి, పూత మాట ఎత్తవు. ఆగస్టు చివర పొద్దు తగ్గి, అయ్యో పూయాలి అనుకునే సరికి మీ దగ్గర మంచు దిగుతుంది.

ఈ సిగ్నల్‌కి కారణమైన జీన్లలో ముఖ్యమైనదాన్ని పట్టుకున్నారు, పదో క్రోమోజోమ్ మీద ఉంటుంది, సీసీటీ అంటారు. ఉత్తరానికి పాకిన రకాల్లో ఈ జీన్ ముందు ఓ గెంతే జీన్ ముక్క వచ్చి కూర్చుంది, దాంతో దాని గొంతు తగ్గిపోయింది, పొద్దు పొడుగైనా పూతని ఆపమని అరవదు. గెంతే జీన్లు అంటే బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీద రంగు మచ్చలు చూస్తూ కనిపెట్టినవే, 1983లో నోబెల్ ఇచ్చారు ఆవిడకి. అలా ఓ ముక్క ఎగిరొచ్చి సరైన చోట పడకపోతే మీ పక్కింటాయన ఆగస్టులో కంకి తినేవాడు కాదు!

ఇది ల్యాబులో జరిగిన పని కూడా కాదు. అమెరికా ఖండపు మూలవాసులు వేల ఏళ్లు, ముందు పూసిన మొక్క గింజ దాచుకుంటూ దాచుకుంటూ ఉత్తరానికి తీసుకెళ్లారు. 1535లో జాక్ కార్టియే అనే ఫ్రెంచి నావికుడు ఇప్పటి మాంట్రియల్ ఉన్న చోటికి వచ్చేసరికి ఊరి చుట్టూ మొక్కజొన్న చేలున్నాయి. ఆ మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలోనే గాస్పే అనే ద్వీపకల్పం నుంచి వచ్చిన గాస్పే ఫ్లింట్ అనే రకం ఇప్పటికీ బ్రీడర్లకి పెద్ద ఆస్తి, నడుముకి కూడా రాని మొక్క, రెండు నెలల్లో పని ముగించేస్తుంది. ఏం దిగుబడి రాదు దానికి, కానీ పొట్టి సీజన్ జీన్లు కావాలంటే అలాంటి వాటి దగ్గరికే వెళ్లాలి.

మీ ఊళ్లో గార్డెన్ షాపుల్లో స్వీట్ కార్న్ ప్యాకెట్ల మీద రోజులు రాస్తారు. పొలాలకి కొనే విత్తనానికి మాత్రం కెనడా వాళ్లు హీట్ యూనిట్లు వాడతారు, ఒంటారియోలో మొదలుపెట్టిన లెక్క అది, పైన వరంగల్ అన్నకి చెప్పిన దాని లాంటిదే కానీ పగలూ రాత్రీ వేరేవేరేగా కడతారు. పెరట్లోకి 65, 70 రోజులు అని ఉన్న స్వీట్ కార్న్ కొనుక్కోండి, ఒకే లైనులో కాకుండా నాలుగు లైన్లు దగ్గర దగ్గరగా గుంపుగా వేయండి, లేకపోతే పుప్పొడి గాలికి పోయి కంకులు పళ్లూడినట్టు వస్తాయి. ఊరి రుచి కావాలంటే కాల్చేటప్పుడు ఉప్పు కారం నిమ్మచెక్క రుద్దుకోవడమే మార్గం. ఇంకోటి, అమ్మగారికి చెప్పండి, విత్తనాలు డిక్లేర్ చేయకుండా పెట్టెలో వేసుకుని రావద్దని, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే గొడవ.

ప్రశ్న: నేను అగ్రి బీఎస్సీ మూడో సంవత్సరం. స్వల్పకాలిక హైబ్రిడ్ తయారు చేయడం ఎలా? ఎర్లీ అయితే దిగుబడి తగ్గుతుంది అని పుస్తకంలో ఉంది, మరి అలాంటప్పుడు ఎందుకు చేయడం? ఎన్నేళ్లు పడుతుంది? – బాపట్ల విద్యార్థిని

జవాబు: నీ రెండో ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, ఎందుకంటే అసలు కథ అంతా అక్కడే ఉంది.

మొక్కజొన్న పెరిగే మొవ్వు కొంతకాలం ఆకులు తయారు చేస్తుంది, తర్వాత ఓ రోజు ఆకులు ఆపి మగపూత తయారీలోకి మారుతుంది. ఇది జరిగేది మొక్క మోకాలెత్తు కూడా రాకముందు, బయటికి ఏమీ కనపడదు. ఆ మార్పు తొందరగా జరిగితే ఆకులు తక్కువ, లేటుగా జరిగితే ఎక్కువ. లేటు రకానికి 20 పైన ఆకులుంటే ఎర్లీ దానికి 15, 16 ఉంటాయి. ఆకు అంటే వంటగది, వంటగది చిన్నదైతే వడ్డన తక్కువ, అందుకే దిగుబడి తగ్గుతుందని మీ పుస్తకం అంటోంది. కరెక్టే, కానీ అది మొక్కకి లెక్క, ఎకరానికి కాదు. పొట్టి మొక్క, నిటారు ఆకులు అయితే దగ్గర దగ్గరగా వేసుకోవచ్చు. మన దగ్గరే చూడు, ఒకప్పుడు 75 సెంటీమీటర్ల సాళ్లలో 20 సెంటీమీటర్లకో మొక్క, ఎకరానికి 26 వేల చిల్లర. ఇప్పుడు సాళ్లు 60కి తెస్తే 33 వేలు దాటుతాయి. ఎర్లీ హైబ్రిడ్‌ని పాత దూరంలో వేసి దిగుబడి రాలేదు అనేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకోటి, పంట అసలు చేతికి రావడం అన్నది ముందు. చెలక నేలలో సెప్టెంబర్‌లో వాన వెనక్కి తగ్గితే 110 రోజుల రకం పాలు పోసుకునే టైముకి బెట్ట తగులుతుంది, 85 రోజులది అప్పటికే ఒడ్డు చేరి ఉంటుంది. అయితే ఎర్లీది కూడా అన్నిటికీ మందు కాదు. సరిగ్గా పూత మీద బెట్ట వస్తే దానికి కోలుకునే టైము ఉండదు, మగపూత వచ్చేస్తుంది, పీచు (కంకి కొసన వచ్చే ఆడపూత) రావడం ఆలస్యమవుతుంది, పుప్పొడి అంతా నేలపాలు. మగపూతకీ పీచుకీ మధ్య ఈ గ్యాప్ తక్కువున్న లైన్లనే (హైబ్రిడ్‌కి తల్లీ తండ్రీగా వాడే శుద్ధ రకాలనే) ఎంచుకోవడం సిమిట్ (మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం) వాళ్లు బెట్ట బ్రీడింగ్‌లో ఏళ్ల తరబడి చేసిన పని. పరీక్షలో అడిగితే ఇది రాయి, మార్కులు పడతాయి.

ఇక ఎలా చేస్తారంటే. ఎర్లీ గుణం ఒకచోట, దిగుబడి గుణం ఇంకోచోట ఉంటాయి, రెండూ కలపాలి. దీనికి నాకు బాగా ఇష్టమైన కథ మన పోగుంటల కథే. 1846లో రాబర్ట్ రీడ్ అనే రైతు ఒహాయో నుంచి ఇల్లినాయికి వలస వస్తూ తన లేటు రకం విత్తనం తెచ్చుకున్నాడు. ఆ ఏడు లేటుగా వేయడంతో గింజ సరిగ్గా ముదరలేదు, మరుసటి ఏడు అదే విత్తనం వేస్తే చేను బొక్కలు బొక్కలుగా మొలిచింది. ఏం చేస్తాడు, మనలాగే పోగుంటలు నింపాడు, అక్కడ దొరికే ఎర్లీ రకం పసుపు గింజతో. రెండూ పక్కపక్కన పూసి కలిసిపోయాయి, దాన్నుంచి ఆయనా కొడుకూ ఏళ్ల తరబడి ఏరుకుంటూ వచ్చినదే రీడ్స్ ఎల్లో డెంట్ (డెంట్ అంటే గింజ నెత్తిన నొక్కు పడే రకం), 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి కొట్టింది. తర్వాత అమెరికా హైబ్రిడ్ల తల్లి లైన్లలో చాలా వాటి వంశం ఇక్కడికే వెళ్తుంది. మొలక సరిగ్గా రాని చేను నుంచి!

అనుకోకుండా జరిగిన ఆ పనిని ఫ్రాన్స్ వాళ్లు 1950లలో తెలిసి చేశారు. లకోన్ అనే కొండ ప్రాంతపు గట్టి గింజ రకం నుంచి ఎఫ్2, ఎఫ్7 అనే లైన్లు తీశారు, చలికి ఓర్చి ముందే పూస్తాయి. వాటిని దిగుబడి ఇచ్చే అమెరికా డెంట్ లైన్లతో కలిపారు. ఇన్రా 258 అలా వచ్చిందే, దాంతో ఉత్తర ఫ్రాన్స్‌లో అప్పటిదాకా మొక్కజొన్న ఎరగని జిల్లాల్లో కూడా పంట మొదలైంది.

మన దేశంలో చూడాలంటే ఉత్తరాఖండ్ అల్మోరాలోని వివేకానంద పర్వతీయ కృషి అనుసంధాన సంస్థాన్. కొండల మీద వానా వేడీ కలిసి ఉండే రోజులు తక్కువ, వెనకాలే చలి తరుముతుంది. వాళ్లు సీఎం 145, సీఎం 212 అనే రెండు లైన్లు కలిపి వివేక్ హైబ్రిడ్ 9 చేశారు, అతి స్వల్పకాలిక రకం. తర్వాత అదే హైబ్రిడ్‌లోకి గింజలో లైసిన్, ట్రిప్టోఫాన్ (మాంసకృత్తుల్లో ముఖ్యమైన భాగాలు) పెంచే ఒపేక్-2 జీన్ ఎక్కించాలనుకున్నారు. ఆ జీన్ ఇచ్చిన దాతలు సిమిట్ లైన్లు, ఆ కొండలకి అలవాటు పడ్డవి కావు, కాబట్టి జీన్‌తో పాటు వాటి మిగతా గుణాలు వెంటబడి రాకుండా డీఎన్ఏ మార్కర్లు చూసుకుంటూ మళ్లీ మళ్లీ పాత లైనుతోనే కలిపి కడిగేశారు. 2008లో వివేక్ క్యూపీఎం 9గా (క్యూపీఎం అంటే మేలైన మాంసకృత్తులున్న మొక్కజొన్న) విడుదలైంది, కొండ ప్రాంతాలతో పాటు మన దక్షిణాదికి కూడా ఇచ్చారు దాన్ని.

ఏళ్ల సంగతి. ఒక లైను స్థిరపడాలంటే ఆరేడు తరాలు దాని పుప్పొడి దానికే వేయాలి, ప్రతి తరానికీ కలగాపులగం సగం సగం తగ్గుతుంది, ఆరు తరాలకి ఒకటిన్నర శాతానికి వస్తుంది. ఈ పని ఎలా ఉంటుందో పుస్తకంలో రాయరు కాబట్టి చెప్తున్నా. పీచు బయటికి రాకముందే కంకికి బటర్ పేపర్ సంచి తొడగాలి. ముందు రోజు సాయంత్రం మగపూతకి గోధుమరంగు కవర్ కట్టి క్లిప్పు పెట్టాలి. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు, పూతని వంచి కవర్ని టపటపా కొడితే పసుపు లాంటి పొడి అడుగున చేరుతుంది, కంకి సంచి ఓ చేత్తో ఎత్తి ఇంకో చేత్తో పొడి పీచు మీద గుమ్మరించి కవర్ కంకికే కట్టేసి తేదీ రాయాలి. పక్క మొక్క పొడి ఓ రేణువు పడ్డా ఏడాది వేస్ట్. మధ్యాహ్నానికి ఆకుల అంచులు కోసి చేతులన్నీ గీతలు, చెమటకి మంట, మెడ నిండా పుప్పొడి దురద. మొదటి వారం నేను ఉద్యోగం మానేద్దామనుకున్నాను, నిజంగా.

కొండల మీద ఏడాదికి ఒక్క పంటే. ఆ లెక్కన ఏడు తరాలకి ఏడేళ్లు. ఇక్కడే మన హైదరాబాద్ వస్తుంది. లూధియానాలోని భారత మొక్కజొన్న పరిశోధన సంస్థకి రాజేంద్రనగర్‌లో వింటర్ నర్సరీ ఉంది, ఉత్తరాదిలో పొలాలు చలికి వణుకుతున్నప్పుడు అక్కడి బ్రీడర్ల లైన్లు ఇక్కడ పెరుగుతుంటాయి. ఏడాదికి రెండు తరాలు దాటేస్తారు. ఇంకా తొందరంటే డబుల్ హాప్లాయిడ్: ఒక రకం ఇండ్యూసర్ పుప్పొడి వేస్తే కొన్ని గింజల్లో తల్లి సగం క్రోమోజోములే ఉన్న పిండం వస్తుంది, గింజ మీది ఊదా మచ్చని బట్టి వాటిని ఏరి, మొలకలకి కోల్చిసిన్ పట్టిస్తే క్రోమోజోములు రెట్టింపై రెండు సీజన్లలో స్థిరమైన లైను తయారు. (కోల్చిసిన్ అంటే మన అడవినాభి దుంపలో ఉండే విషమే, జాగ్రత్త.) సిమిట్ వాళ్లు కర్ణాటకలో కునిగల్ దగ్గర 2021లో ఇందుకో కేంద్రం పెట్టారు, వీలైతే కాలేజీ టూర్ అటు వేయించుకోండి.

లైన్లు వచ్చాక అసలు పరీక్ష, ఏ రెండిటిని కలిపితే బాగుంటుంది అన్నది. పూతకాలం విషయంలో ఎర్లీని లేటుతో కలిపితే హైబ్రిడ్ మధ్యలో ఎక్కడో పడుతుంది, కాకపోతే సంకర బలం వల్ల కొంచెం ముందుకే జరుగుతుంది. చాలాసార్లు హైబ్రిడ్ తన తల్లి కన్నా తండ్రి కన్నా ముందే పూస్తుంది. అంటే మరీ ఎర్లీ లైన్లు తయారు చేసుకోనవసరం లేదు, ఇది బ్రీడర్‌కి దక్కే కొసరు.

ప్రశ్న: మేము మేల్ ఫీమేల్ మక్క సీడ్ వేస్తున్నాం నాలుగేళ్లుగా. ఈసారి కొత్త షార్ట్ డ్యూరేషన్ రకం ఇచ్చారు. మేల్ ఐదు రోజులు ముందు వేయమన్నారు, వేశాం. అయినా మేల్ పూత అయిపోయాక ఫీమేల్‌కి పీచు వచ్చింది. సగం కంకులు బోసి. ఆర్గనైజర్ మీదే తప్పంటున్నాడు. – ఏలూరు జిల్లా

జవాబు: (మిగతా పాఠకుల కోసం: మేల్ ఫీమేల్ సీడ్ అంటే కంపెనీకి హైబ్రిడ్ విత్తనం పండించడం, మగ సాళ్ల పుప్పొడితో ఆడ సాళ్ల కంకుల్లో గింజ కట్టించాలి. ఆర్గనైజర్ అంటే కంపెనీకీ రైతుకీ మధ్య మనిషి.) ఈ బాధ నాకు చెప్పక్కర్లేదండీ, నేను పడ్డాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది నాకు ఓ సీడ్ ప్లాట్ అప్పగించారు. నా పుస్తకంలో జూన్ లెక్క రాసుంది, మగ సాళ్లు ఇన్ని రోజుల ముందు అని. నేను వేసింది డిసెంబర్‌లో. చలికాలంలో ఐదు రోజులంటే జమయ్యే వేడి యాభై చిల్లర యూనిట్లు, వానాకాలంలో అదే ఐదు రోజులకి ఎనభై దాటుతుంది. నా ఆడ సాళ్లు పీచు తీసే రోజుకి మగవి ఇంకా పూయనే లేదు, పీచు వారం పది రోజులు ఎదురుచూసి ఎండిపోయింది. మీకేమో అటు తిరిగింది, మగది ముందే అయిపోయింది, కానీ రోగం ఒకటే, రోజులు లెక్కపెట్టడం.

స్వల్పకాలిక లైన్లలో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే పూత మొత్తం నాలుగైదు రోజుల్లో ముగిసిపోతుంది, లేటు లైన్లలాగా సాగదు. అందుకని కంపెనీ వాళ్లని రోజులు కాకుండా ఆకుల్లో చెప్పమనండి. "మగది రెండో ఆకు పూర్తిగా విప్పాక ఆడది వేయండి" అంటే అది ఏ సీజన్‌లో అయినా దాదాపు నిలబడుతుంది. మగ సాలు మొత్తం ఒకేరోజు వేయకుండా సగం ముందు, మిగతా సగం కొన్నాళ్లాగి వేస్తే పుప్పొడి ఎక్కువ రోజులు దొరుకుతుంది, కాస్త శ్రమ గానీ ఇన్సూరెన్స్ లాంటిది. ఆడ పీచు మరీ ముందొచ్చి పొడుగ్గా వేలాడుతుంటే కొస రెండంగుళాలు ఉంచి కత్తిరించండి, కొత్త పీచు మీద పొడి బాగా నిలుస్తుంది.

ఆడ సాళ్లలో మగపూత పీకేటప్పుడు కూలీలకి ఒక్కటి గట్టిగా చెప్పండి, పై ఆకులు పూతతో కలిపి లాగొద్దని. ఒక ఆకు పోతే పర్లేదు, మూడు పోతే గింజ బరువులో తెలిసిపోతుంది. ఎర్లీ లైన్లకి ఉన్నవే తక్కువ ఆకులు. పైగా వీటిలో కొన్ని పై ఆకు చుట్టలోంచి పూర్తిగా బయటికి రాకముందే పొడి రాల్చేస్తాయి, కాబట్టి పొద్దున ఒక్కసారి తిరిగితే చాలదు. సర్టిఫికేషన్ వాళ్లు ఆడ మొక్కల్లో 5 శాతానికి పీచు వచ్చాక, ఏ తనిఖీలో అయినా పొడి రాల్చే ఆడ మొక్కలు 1 శాతం మించకూడదు అంటారు. చుట్టుపక్కల 200 మీటర్లలో వేరే మక్క ఉండకూడదు, ఇది మీకు తెలిసిందే.

డబ్బుల సంగతికొస్తే, మిమ్మల్ని ఐదు రోజులు అని చెప్పింది రాతలో ఉందా? ఉంటే తప్పు మీది కాదు. నోటి మాటే అయితే, ఈసారి నుంచి అగ్రిమెంట్ కాగితం మీద రాయించుకోండి, మగ ఆడ తేదీలతో సహా.

ప్రశ్న: స్వీట్ కార్న్ 75 రోజులకే వచ్చేస్తుంది కదా, అంటే అది షార్ట్ డ్యూరేషన్ రకమా? అదే అందరూ వేసుకోవచ్చుగా? – విజయవాడ గృహిణి

జవాబు: రాదండీ, మనం ఆగం, అంతే. అది పాలకంకిగా ఉన్నప్పుడే, పీచు వచ్చిన ఇరవై రోజులకి అటూ ఇటూగా తుంచేస్తాం. దాన్నే గింజ ముదిరేదాకా వదిలితే మామూలు మక్కలాగే టైము తీసుకుంటుంది, ఆ ముదిరిన గింజ కూడా తేలిగ్గా ముడతలు పడి ఉంటుంది, పిండిపదార్థం తక్కువ కాబట్టి. బేబీ కార్న్ అయితే గింజ కట్టకముందే కోత. కోళ్లదాణాకీ స్టార్చ్ ఫ్యాక్టరీకీ ముదురు గింజే కావాలి, మన మక్కలో ఎక్కువ భాగం వెళ్లేది అటే. ఇంటి వాడకానికైతే బంగారంలా వేసుకోండి, కోసిన రోజే ఉడకబెట్టండి, ఆలస్యం చేస్తే తీపి తగ్గిపోతుంది.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దిక్కు, గుట్టల మీద చేను. హైబ్రిడ్ ఒకసారి కొని దాని గింజనే దాసుకొని మల్ల ఏస్తే ఏమైతది? జల్ది వచ్చే మక్క కావాలె మాకు, ప్రతి ఏడు కొనలేం.

జవాబు: మొలుస్తుంది తమ్ముడూ, మొలవదని ఎవరైనా చెప్తే నమ్మకు. కానీ రెండో ఏడు చేను చూస్తే ఒకటి నడుమెత్తు, ఒకటి తలెత్తు, ఒకటి 45 రోజులకి పూస్తే ఇంకోటి 60కి, కంకులు ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. తల్లీ తండ్రీ గుణాలు పేకముక్కల్లా కలిసి మళ్లీ పంచుకుంటాయి, దిగుబడి బాగా పడిపోతుంది. గుట్ట మీద, వాన ఆగేలోపు పంట రావాల్సిన చోట అది నష్టం.

మీలాంటి చోటికి కాంపోజిట్ రకాలు (కొన్ని మంచి రకాలు కలిపేసి, వాటిలో అవే కలవనిచ్చినవి) అడగండి పరిశోధన కేంద్రంలో. మన దేశంలో 1967లోనే విజయ్, కిసాన్, జవహర్ లాంటివి ఇందుకే వదిలారు. హైబ్రిడ్ అంత రావు, కానీ విత్తనం మూడేళ్లదాకా మీదే వాడుకోవచ్చు. మీ ఇళ్లలో చూరుకి వేలాడదీసే నాటు మక్క ఉంటే అది అసలు వదలకండి.

ఇంకా తొందరగా రావాలంటే ఒక పని చేయొచ్చు, ఖర్చు లేదు. చేను నడి మధ్యలో, గట్టు పక్క నాలుగు సాళ్లు వదిలేసి, అన్నిటికన్నా ముందు పీచు తీసిన మొక్కలకి ఎర్ర దారం కట్టండి, వంద రెండు వందలకి తక్కువ కాకుండా. ఇంటిల్లిపాదీ ఓ మూడు పొద్దులు తిరిగితే అయిపోతుంది. అప్పుడే వాటి చుట్టుపక్కల లేటుగా ఉన్న మొక్కల మగపూత బయటపడగానే విరిచేయండి, లేకపోతే లేటు దాని పొడి వచ్చి వీటి మీద పడి సగం పని పాడవుతుంది. కోతకి దారం కట్టిన వాటిలోనే మంచి కంకులు చూసి విడిగా ఆరబెట్టండి. ఒక ఏడాదికి తేడా ఏం కనిపించదు, నిరాశపడొద్దు. నాలుగో ఏడు దారం ఎన్నో రోజున కట్టారో, మొదటి ఏడు ఎన్నో రోజున కట్టారో గోడ మీద రాసి పెట్టుకోండి, నాకూ ఓ ముక్క రాయండి.